నొప్పి, జ్వరం, వాపు మందులు ఇచ్చేటప్పుడు నర్సు గమనించవలసినవి

నొప్పికి, జ్వరానికి, వాపుకు వాడే మందులు వార్డులో రోజూ చేతిలో మెదిలేవే కాబట్టి, వాటి విషయంలో జాగ్రత్త సడలే ప్రమాదం ఎక్కువ. డాక్టర్ రాసిన మోతాదు సరైనదే అయినా, రోగి ఇంతకుముందే ఏం వేసుకున్నారో, ఏ మందు పడదో అడిగి తెలుసుకోకుండా మాత్ర చేతిలో పెట్టకూడదు.

పారాసిటమాల్ జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తుంది గానీ వాపు మీద దాదాపు పనిచేయదు. పెద్దలకు ఒక్కసారికి 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము వరకు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో, 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు మించకుండా ఇస్తారు. బరువు 50 కిలోల లోపు ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి ఈ పరిమితి ఇంకా తగ్గుతుంది. జలుబు మాత్రల్లోనూ, ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిపి వచ్చే మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది కాబట్టి, అన్నిటినీ కలిపి లెక్క కట్టాలి. మోతాదు మించినా మొదటి రోజు రోగి మామూలుగానే కనిపించవచ్చు. అయినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, ఎందుకంటే విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల లోపు మొదలుపెడితేనే బాగా కాపాడుతుంది.

పిల్లల పారాసిటమాల్ సిరప్ దగ్గర మరింత నిదానం అవసరం. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు కావాలనుకుందాం. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండే సీసా నుంచి 7.5 మిల్లీలీటర్లు తీయాలి. అదే 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండే సీసా అయితే 3.6 మిల్లీలీటర్లే చాలు. సీసా మారింది గమనించకపోతే బిడ్డకు రెట్టింపు మందు పడుతుంది. అందుకే తల్లికి చెంచాల లెక్క చెప్పకుండా, సిరంజిలో గీత చూపించి చెప్పడం మేలు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వాపును కూడా తగ్గిస్తాయి. వీటిని ఆహారం తర్వాత ఇవ్వాలి. ఒకేసారి రెండు కలపకూడదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఉబ్బసం, రక్తం పలచబడే మందుల వాడకం, 20 వారాలు దాటిన గర్భం ఉన్నాయేమో ముందే అడగాలి. డెంగీ అనుమానం ఉంటే రక్తస్రావం ముప్పు ఉన్నందున ఇవి, ఆస్పిరిన్ రెండూ వద్దు. పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. వైరల్ జ్వరంలో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు. మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా తర్వాతి డోసు ఆపి డాక్టర్‌కు తెలపాలి.

వాపు తగ్గించే ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లను ఉదయం ఆహారంతో ఇచ్చి, రక్తంలో చక్కెర గమనించాలి. వారాల తరబడి వాడినవారికి ఒక్కసారిగా ఆపకూడదు.

తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ శ్వాసను తగ్గించగలదు కాబట్టి, ఇచ్చే ముందూ తర్వాతా శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. నిమిషానికి 10 కంటే తగ్గినా, రోగి పిలిస్తే సరిగా పలకకపోయినా డోసు ఆపి డాక్టర్‌ను పిలిచి, దాని విరుగుడైన నలోక్సోన్ సిద్ధంగా ఉంచుకోవాలి. నోటి మందు అయితే సుమారు గంటకు, నరం ద్వారా ఇచ్చినదైతే 15 నుంచి 30 నిమిషాలకు, నొప్పి సున్నా నుంచి 10 వరకు ఎంత ఉందో మళ్లీ అడిగి, వేళతో సహా కేస్ షీట్‌లో రాయాలి. కళ్లు మూసుకొని పడుకున్నంత మాత్రాన నొప్పి తగ్గిందని రాయకూడదు.