బెంచ్ మీది కుర్రోడి గురించి వాదించడం ఎట్లా

పంతొమ్మిదేళ్ల కుర్రోణ్ణి కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టినాడంటే మనోళ్ల నోట రెండే మాటలు. ఒకటి, "కోచ్‌కు కళ్లు లేవు." రెండోది, "వాడిలో సరుకు లేదు." అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు చాలావరకు మనకు తెల్లవారుజామున, పొద్దున వస్తాయి కాబట్టి అనంతపురంలో మా ఇంట్లో ఈ గొడవ ఉగ్గాని, బజ్జీలతో పాటే మొదలవుతుంది. మా తమ్ముడు బ్యాంకుకు పోతా పోతా ఇంట్లోకొచ్చి, ఫోన్ నా ముందు పెట్టి, "చూడక్కా, ఇంత బాగా ఆడేటోణ్ణి ఆరు నిమిషాలకే తీసేసినాడు" అంటాడు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. నా టీంలోనూ బెంచ్ మీద పిల్లలున్నారు, అందుకే ఈ మాటను తేలిగ్గా వదల్లేను. వాదించండి, గట్టిగానే వాదించండి. కాకుంటే ఆ పిల్లోడికి న్యాయం జరిగేటట్టు వాదించండి. నేను పాటించే పద్ధతి చెప్తాను.

ముందు ఏ ప్రశ్నో తేల్చుకోండి

ఒక్క కుర్రోడి గురించి మూడు వేరు వేరు ప్రశ్నలుంటాయి. ఈ రోజు మ్యాచ్ గెలవడానికి పనికొస్తాడా? మూడేళ్ల తర్వాత మంచి ఆటగాడవుతాడా? అట్లా కావడానికి ఈ టీం సరైన చోటేనా? ఒకాయన మొదటిదానికి జవాబు చెప్తుంటే, ఎదుటాయన రెండోదానికి చెప్తుంటాడు. గంట అరుచుకున్నా తెగదు.

జెర్మైన్ ఓనీల్ సంగతి చూడండి. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పిల్లోణ్ణి 1996 డ్రాఫ్ట్‌లో, అంటే టీంలు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేదాంట్లో, 17వ పిక్‌తో (పదిహేడో వంతులో) పోర్ట్‌లాండ్ టీం తీసుకుంది. నాలుగు సీజన్లు ఎక్కువ భాగం బెంచ్ మీదనే గడిచినాయి. అతని ముందు రషీద్ వాలెస్, సబోనిస్ లాంటి పెద్దోళ్లున్నారు. 2000లో ఆ టీం వెస్ట్ ఫైనల్స్‌లో (లీగ్‌లో పడమటి సగం టీంల ఫైనల్) ఏడో మ్యాచ్ దాకా పోయింది, అంటే కోచ్ తన పని తాను సరిగానే చేసినాడు. ఆ ఎండాకాలమే ఓనీల్‌ను ఇండియానాకు ఇచ్చి డేల్ డేవిస్‌ను తెచ్చుకున్నారు. 2002లో ఓనీల్‌కు సీజన్‌లో అందరికంటే ఎక్కువ మెరుగుపడిన ఆటగాడి అవార్డు వచ్చింది, మొత్తం ఆరుసార్లు ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపిక) అయినాడు. కోచ్‌ను సమర్థించినోళ్లూ, కుర్రోణ్ణి సమర్థించినోళ్లూ ఇద్దరూ నిజమే చెప్పినారు. తప్పల్లా ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెప్పడంలో ఉంది.

అందుకని మీరు నోరు తెరవకముందే ఎదుటి మనిషిని అడగండి: "అన్నా, నువ్వు ఈ సీజన్ గురించి చెప్తున్నావా, రాబోయే కాలం గురించా?" సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

నిమిషాల లెక్క

ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. మొత్తం పంచాల్సింది 240 నిమిషాలు. మొదటి ఐదుగురూ తలా 33 తీసుకున్నారంటే 165 పోయినాయి. మిగిలిన 75లో నలుగురైదుగురు అనుభవమున్న బెంచ్ ఆటగాళ్లు పోను కుర్రోడికి ఏం మిగుల్తుంది? "ఆడించాలి" అనేటోళ్లు ఎవరి నిమిషాలు కోసి ఇవ్వాలో కూడా పేరు పెట్టి చెప్పాలి. పేరు చెప్పలేకపోతే ఆ వాదన ఇంకా మొదలు కానట్టే.

36 నిమిషాలకు లెక్క కట్టే పద్ధతి ఒకటుంది. ఆరు నిమిషాల్లో 4 పాయింట్లు కొడితే 36కు 24 అవుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఆరు నిమిషాలు ఎప్పటివి? మ్యాచ్ ఇరవై ఐదు పాయింట్ల తేడాతో అయిపోయినాక, అవతల కూడా బెంచ్ ఆటగాళ్లే ఉన్నప్పుడు ఆడినవైతే ఆ 24కు విలువ లేదు. రెండో క్వార్టర్ మొదట్లో, అవతలి మంచి గార్డ్ ఇంకా కోర్టులో ఉన్నప్పుడు ఆడిన మూడు నిమిషాలు దానికంటే ఎక్కువ చెప్తాయి. బాక్స్ స్కోర్ (ఆటగాళ్ల మొత్తం అంకెల పట్టిక) పక్కన పెట్టి ప్లే బై ప్లే (ఏ నిమిషంలో ఏం జరిగిందో వరుసగా రాసిన చిట్టా) తెరవండి. ఏ క్వార్టర్‌లో వచ్చినాడు, పక్కన ఎవరున్నారు, సరిగ్గా ఏం జరిగినాక కోచ్ బయటికి పిలిచినాడు, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. నాలుగైదు మ్యాచ్‌లు రాస్తే కోచ్ మనసులో ఏముందో మీకే కనబడుతుంది. రెండో ఫౌల్ పడంగానే ప్రతిసారీ పిలుస్తున్నాడా, లేక ఎవరినో వదిలేసిన మరుక్షణం పిలుస్తున్నాడా అన్నది పెద్ద తేడా.

బంతి లేనప్పుడు చూడండి

నా దృష్టిలో అసలు పని ఇదే. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగేది.

ఒకరోజు తమ్ముడు ఒక కుర్రోడి డంక్ వీడియో చూపించినాడు. నిజంగానే అద్భుతం, గాల్లో ఎక్కడినుంచో వచ్చి రింగు ఊగిపోయేటట్టు వేసినాడు. "సరేరా, దీని తర్వాత ఏం జరిగిందో పెట్టు" అన్నాను. వీడియో అక్కడికే అయిపోయింది. పూర్తి మ్యాచ్ వెతికి పట్టుకొని చూసినాం. డంక్ వేసి, చేతులు ఊపుకుంటా వెనక్కు వస్తున్నాడు. అతను కాయాల్సిన షూటర్ అప్పటికే మూలకు చేరిపోయినాడు. బంతి రెండు పాసుల్లో అక్కడికి పోయింది. మనవాడు పరిగెత్తుకుంటా పోయి గాల్లోకి ఎగిరినాడు. షూటర్ బంతిని ఒక్కసారి నేలకు కొట్టి, పక్కకు జరిగి, తీరిగ్గా మూడు పాయింట్లు వేసుకున్నాడు. డంక్‌తో వచ్చింది రెండు, ఈ నిర్లక్ష్యంతో పోయింది మూడు. తర్వాత టైం అవుట్, కుర్రోడు బెంచ్ మీదికి. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా దిక్కు శెనక్కాయ చేలో ఆకు పచ్చగా ఉందని ఎవరూ పంట లెక్క కట్టరు. నాలుగు చెట్లు పీకి, ఊడలకు కాయ ఎంత పట్టిందో చూస్తారు. డంక్ ఆ పచ్చని ఆకు.

ఏం చూడాలంటే, షూటర్ దగ్గరికి పోయేటప్పుడు చివరి రెండు మూడు అడుగులు చూడండి. దీన్నే క్లోజౌట్ అంటాం. మంచి ఆటగాడు వేగంగా పోయి, దగ్గరికి రాంగానే అడుగులు చిన్నవి చేసి, నడుము దించి, ఒక చెయ్యి లేపి నిలబడతాడు. పిల్లలు అదే వేగంతో దూసుకుపోయి పక్కనుంచి దాటిపోతారు. రెండోది, బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు వీడి తల ఎటు తిరిగి ఉంది? బంతినీ తన మనిషినీ రెంటినీ చూసేటట్టు నిలబడినాడా, బంతినే చూస్తా మైమరచిపోయినాడా? బంతినే చూసేటోడి వెనక నుంచి మనిషి రింగు కిందికి జారిపోతాడు. మూడోది, షాట్ పైకి లేచినప్పుడు ముందు తన మనిషిని వీపుతో ఆపుతున్నాడా, లేక బంతి కోసం నేరుగా ఎగురుతున్నాడా?

ఒక మ్యాచ్‌లో ఒక క్వార్టర్ అంతా బంతిని చూడకుండా ఆ ఒక్క కుర్రోణ్ణే చూడండి. మొదట కష్టంగా ఉంటుంది, కన్ను దానంతట అదే బంతి వెంట పోతుంది. అలవాటైనాక ఆట ఇంకో రకంగా కనబడుతుంది.

పోయిన టోర్నమెంట్ ముందు మా తొమ్మిదో తరగతి పాప వాళ్లమ్మ స్కూలుకొచ్చింది. "మేడం, నా బిడ్డను యాల ఆడించరు?" అని నేరుగా అడిగింది. ఆ అమ్మను కోర్టు పక్కన కూర్చోబెట్టి ప్రాక్టీస్ చూపించినాను. పాప షాట్ బాగుంది, పరుగు బాగుంది. బంతి అటు పోంగానే తన మనిషిని మరిచిపోతుంది. మూడుసార్లు జరిగేసరికి నేను చెప్పకముందే ఆ అమ్మే, "వెనకాల పోతాంది కదా మేడం ఆ పిల్ల" అనింది. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ఆడని మనిషి. పాపకు అది ఒక్కటి నేర్పి నిమిషాలు పెంచుతా వచ్చినాను. ప్రతి బెంచ్ ఆటగాడికీ ఇట్లాంటిది ఒకటుంటుంది, కోచ్‌ను ఆపుతున్న ఆ ఒక్కటి. మీ వాదన దాన్ని కనిపెట్టాలి.

అంకెల్లో ఏవి నమ్మొచ్చు

కొన్ని మ్యాచ్‌ల మూడు పాయింట్ల శాతాన్ని నమ్మొద్దు. 20 వేసి 8 పడితే 40 శాతం. అందులో రెండు రింగుకు తగిలి బయటికొచ్చి ఉంటే 30. రెండు బంతుల తేడాతో ఒకణ్ణి షూటర్ అనీ, ఇంకొకణ్ణి కాదనీ ఎట్లా అంటాం? దానికంటే ఫ్రీ త్రో శాతం మేలు. ఎదురుగా ఎవరూ లేరు, దూరం మారదు, చెయ్యి సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. ఫ్రీ త్రోలు బాగా వేసే కుర్రోడికి దూరం షాట్ వచ్చే అవకాశం ఎక్కువ. ఫౌళ్లు కూడా చూడండి, ఆడిన నిమిషాలతో పోల్చి నెల నెలకూ తగ్గుతున్నాయా లేదా అని.

వయసు మరిచిపోవద్దు. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఆంథొనీ బెన్నెట్, 15వ పిక్ యానిస్ అంటెటోకుంపో. మొదటి సీజన్‌లో బెన్నెట్ సగటు 4.2 పాయింట్లు, యానిస్ 6.8. ఈ రెండు అంకెలే చూసి ఎవరైనా ఏం చెప్పగలరు? యానిస్ 2019లో, 2020లో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయినాడు. బెన్నెట్ ఎన్‌బీఏలో నాలుగు సీజన్లే ఆడినాడు. బెన్నెట్ భుజానికి ఆపరేషన్ చేయించుకొని ఆ సీజన్‌లోకి వచ్చినాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. యానిస్ వచ్చినప్పుడు 18 ఏళ్ల వాడు. ఎవరైనా "యానిస్ కూడా మొదట ఇట్లాగే ఉండె" అని వాదిస్తే, అట్లాగే ఉండి పైకి రాని వాళ్ల పేర్లు కూడా అడగండి.

కింది లీగ్‌కు పంపితే శిక్ష అనుకోవద్దు

పాస్కల్ సియాకంను 2016లో 27వ పిక్‌తో టొరంటో తీసుకుంది. మొదటి సీజన్ మొదట్లో స్టార్టింగ్ ఐదుగురిలో ఆడి, తర్వాత చోటు పోగొట్టుకున్నాడు. తమ కింది టీం రాప్టర్స్ 905కు పంపితే, 2017లో ఆ టీం కప్పు గెలిచింది, ఫైనల్స్ ఎంవీపీ సియాకమే. 2019లో ఎన్‌బీఏ కప్పు, మెరుగుపడిన ఆటగాడి అవార్డు రెండూ వచ్చినాయి. బంతి చేతిలో పెట్టుకొని ముప్పై నిమిషాలు తప్పులు చేసే అవకాశం కింది లీగ్‌లోనే దొరుకుతుంది.

అందరికీ అట్లా జరగదు. మన సత్నాం సింగ్‌ను 2015లో డల్లాస్ 52వ పిక్‌తో తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు, పంజాబ్ పల్లెటూరి పిల్లోడు. డల్లాస్ కింది టీం టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడినాడు కానీ ఎన్‌బీఏ మ్యాచ్‌లో ఒక్కసారి కూడా దిగలేదు. నా పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఎవరో ఒకరు "అంతేనా మేడం?" అంటారు. అంతదూరం పోవడమే ఎంత గొప్పో వాళ్లకు చెప్పకుండా నేను ఆ పాఠం ముగించను.

సంతకాలు చూడండి

డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికైనోడికి రెండేళ్ల జీతం ఖాయం. మూడో ఏడు, నాలుగో ఏడు ఉంచుకోవాలో వద్దో టీం చేతిలో ఉంటుంది, ఆ నిర్ణయం ఏడాది ముందే, మామూలుగా అక్టోబర్ 31 లోపల చెప్పాలి. కోచ్ మైకు ముందు ఏమన్నాడో కంటే ఆ తేదీకి యాజమాన్యం ఏం చేసిందో చూడండి.

ఒకే మ్యాచ్, రెండు వాదనలు

2021లో 7వ పిక్‌గా వారియర్స్‌కు వచ్చిన జొనాథన్ కుమింగా మీద మా ఇంట్లో జరిగినంత గొడవ ఇంకెవరి మీదా జరగలేదు. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమైన మ్యాచ్‌లకు అతన్ని కోర్టులోకే దించలేదు. మే నెలలో మిన్నెసోటాతో సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే వారియర్స్ మేటి షూటర్ కర్రీకి తొడ వెనక కండరం పట్టేసింది. మూడో మ్యాచ్‌లో కుమింగా 30 పాయింట్లు కొట్టినాడు, టీం ఓడిపోయింది. "చూసినావా అక్కా, ఇస్తే ఆడతాడు" అని తమ్ముడు. "ఓడిపోయినారు కదా" అని మా ఆయన.

నేను చెప్పిందేమంటే, కుమింగా, అప్పుడు అదే టీంలో ఉన్న జిమ్మీ బట్లర్, డ్రేమండ్ గ్రీన్ ముగ్గురూ దూరం నుంచి భయపెట్టే షూటర్లు కారు. ముగ్గురూ ఒకేసారి ఉంటే కాపలావాళ్లు రింగు దగ్గరే గుమిగూడతారు, కర్రీకి దారి ఉండదు. కర్రీ లేనప్పుడు బంతి కుమింగా చేతికొస్తుంది, అప్పుడు అతని బలం కనబడుతుంది. అంటే ఆ గొడవ మూడో ప్రశ్నది, చోటుకు సంబంధించింది. అన్నట్టు, ఆ బట్లరే 2011లో 30వ పిక్‌గా షికాగోకు వచ్చి, మొదటి సీజన్ మ్యాచ్‌కు సగటున 8.5 నిమిషాలు ఆడి, 2.6 పాయింట్లు కొట్టినోడు.

మాట మార్చుకునే షరతు ముందే రాయండి

ఆ కుర్రోడి ఒళ్లు గురించి, బుద్ధి గురించి, ఇంటి సంగతుల గురించి మాట్లాడొద్దు. మనకు తెలిసింది కోర్టులో కనబడేదే. "బద్ధకస్తుడు" అనే బదులు "నాలుగో క్వార్టర్‌లో వెనక్కు పరిగెత్తలేదు" అనండి. అప్పుడు ఎదుటివాళ్లు మ్యాచ్ తిప్పి చూసి ఔననో కాదనో చెప్పగలరు.

సీజన్ మొదట్లోనే ఒక ఆటగాణ్ణి ఎంచుకొని, ఏం జరిగితే మీరు మీ మాట మార్చుకుంటారో రాసిపెట్టండి. మేం పాత అటెండెన్స్ రిజిస్టర్ వెనక పేజీల్లో రాస్తాం. తమ్ముడి వైపు: "20 మ్యాచ్‌లలో, తేడా పది పాయింట్ల లోపల ఉన్నప్పుడు వాడిని కోర్టులోకి దించినా వాడు మూల షూటర్లను వదిలేస్తుంటే, కోచ్‌దే సరి అని ఒప్పుకుంటాను." నా వైపు: "అదే 20 మ్యాచ్‌లలో ఫౌళ్లు తగ్గి, క్లోజౌట్‌లో నిలబడడం నేర్చి కూడా నిమిషాలు పెరగకపోతే, ఆ టీం వాడికి తగిన చోటు కాదని ఒప్పుకుంటాను." కింద తేదీ, ఇద్దరి సంతకాలు. 20 మ్యాచ్‌లు అయ్యేదాకా ఎవరూ తీర్పు చెప్పకూడదు. అయినాక ఆదివారం పొద్దున రిజిస్టర్ తెరిచి, రాసుకున్న మాటలు పైకి చదివి, మ్యాచ్‌ల కాగితాలు పక్కన పెట్టుకొని వాదన మొదలుపెడతాం.