పిల్లలు ఫోన్ చూసేటప్పుడు మెడ, వీపు పట్టేయకుండా ఏం చేయాలి

పెద్దవాళ్ల తల బరువు దాదాపు 5 కిలోలు. 2014లో ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్కలో, తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద భారం 12 కిలోలు, 60 డిగ్రీలకు 27 కిలోలు. పిల్లలకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి కానీ, వంగేకొద్దీ భారం పెరగడం మాత్రం ఎవరికైనా ఒకటే. అలాగని ఎముకలు వంకర పోతాయని పిల్లల్ని బెదిరించకండి. అసలు ఇబ్బంది గంటల తరబడి కదలకుండా ఉండటంతోనే.

ముందుగా ఫోన్ చేతిలోంచి దిగాలి. చాప మీద కూర్చునే ఇంట్లో పిల్లను గోడకు ఆనించి, పిరుదుల కింద మడిచిన చెద్దరు వేయండి. నడుము దానంతటదే నిటారవుతుంది. ఎదురుగా పీట, దాని మీద పుస్తకాల దొంతి, ఆపైన స్టాండు. స్టాండు లేకుంటే స్టీలు డబ్బాకు ఆనించినా చాలు. స్క్రీన్ పైఅంచు కళ్లకు కాస్త దిగువన, 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇంత చేసినా మెడ ముందుకు సాగుతోందంటే అక్షరాలు చిన్నగా ఉన్నట్టు. సెట్టింగ్స్‌లో ఫాంట్ పెంచండి. కుర్చీలో కాళ్లు వేలాడితే పిల్లలు ముందుకు జారి వీపు గూనిగా పెడతారు, కాళ్ల కింద పీట వేయండి.

మే నెల మధ్యాహ్నాలు మరీ కష్టం. వరంగల్ ఎండకు బయటికి పంపలేం, పిల్లలు కూలర్ ముందు బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి ఫోన్ చూస్తారు. అప్పుడు మెడ వెనక్కి వంగి, నడుము కుంగుతుంది. పడుకుని చూడొద్దన్న ఒక్క నియమమైనా గట్టిగా పాటించండి. 20 నిమిషాలకు అలారం పెట్టి, మోగగానే లేపి మంచినీళ్లు తెమ్మనండి.

రోజుకు రెండుసార్లు గోడకు వీపు ఆనించి నిలబెట్టి, గదమను (గడ్డాన్ని) నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపమనండి, 10 సార్లు. చాలామంది పిల్లలు గదమను కిందికి దించేస్తారు. చూపు ఎదుటి గోడ మీదే ఉంటే ఆ తప్పు జరగదు. తర్వాత వీపు పైభాగంలోని భుజాల రెక్కలు దగ్గరికి నొక్కడం, అదీ 10 సార్లే.

గేమ్‌లు ఆడే పిల్లల్లో బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తుంది. కొన్నాళ్లు ఆట ఆపించండి. రెండు చేతులతో పట్టుకుంటే కొంత నయం.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండ తగ్గాక, వరంగల్‌లో అయితే వడ్డేపల్లి చెరువు కట్టకో, భద్రకాళి చెరువు కట్టకో తీసుకెళ్లండి. భంగిమ సరిచేస్తాయని అమ్మే బెల్టుల కంటే ఇదే మేలు.

చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి, ఒక భుజం ఎత్తుగా కనిపించడం ఉంటే ఎముకల డాక్టరుకు చూపించండి. జ్వరంతో మెడ బిగుసుకుంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కటింగ్ షాపులో మెడ విరిపించడం మాత్రం పిల్లలకు అసలు వద్దు, మెడలోని రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.