పర్లాకిమిడి బిల్లింగు కోడులో కావలసిన ఫంక్షన్ వెతికి పట్టడం ఎలా?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో షాపులకు బిల్లింగు సాఫ్ట్‌వేర్ రాసే బృందం దగ్గర కొన్నేళ్లకే వేల ఫంక్షన్లు (ఒక్కో పని చేసే కోడు ముక్కలు) పోగుపడతాయి. ఒకరి కామెంట్లు తెలుగులో, ఒకరివి ఒడియాలో, పేర్లన్నీ ఇంగ్లిషులో. ‘పాత బాకీ’ అని వెతికితే ప్రీవియస్ బ్యాలెన్స్ అనే ఫంక్షన్ మామూలు వెతుకులాటకు చిక్కదు. ఉన్నదాన్నే మళ్లీ రాస్తారు. మాటలు వేరైనా అర్థం దగ్గరైతే న్యూరల్ నెట్‌వర్క్ దగ్గరి వెక్టర్లు (అర్థాన్ని సూచించే అంకెల వరుసలు) ఇస్తుంది కాబట్టి ఈ చిక్కు విప్పొచ్చు.

ముందు ఫంక్షన్‌కు ఒక కార్డు చొప్పున తయారు చేయండి. పైథాన్ కోడైతే కోడును భాగాలుగా విడదీసే ఏఎస్‌టీ మాడ్యూల్‌తో పేరు, ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు), డాక్‌స్ట్రింగ్ (లోపల రాసిన వివరణ) లాగొచ్చు. కలిపి రాసిన పేర్లను విడగొట్టండి. మొదటి వాక్యం మాత్రం మనిషే రాయాలి: ఏం చేస్తుంది, ఏం చేయదు. దాని కింద షాపువాళ్లు వాడే మాటలు చేర్చండి: బాకీ, అరువు, ఉధార్. ఫలితాలు బాగుండేదీ చెడేదీ ఎక్కువగా ఈ కార్డుల దగ్గరే. మోడల్ మార్చడం కంటే వీటిని దిద్దడానికి రెండు రోజులు పెట్టడం మేలు.

మోడల్‌గా, చాలా భాషల వాక్యాలను వెక్టర్లుగా మార్చే మల్టీలింగ్యువల్ ఈ5 స్మాల్ సరిపోతుంది. జీపీయూ అక్కర్లేదు. కార్డుకు ముందు ‘పాసేజ్’, ప్రశ్నకు ముందు ‘క్వెరీ’ అన్న మాటలను ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, కోలన్, ఒక ఖాళీతో చేర్చాలి. మరిచిపోతే ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం దిగజారతాయి. 512 టోకెన్లు (మోడల్ చదివే మాట ముక్కలు) దాటిన భాగం చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. తెలుగు వాక్యానికి ఇంగ్లిషు కంటే ఎక్కువ టోకెన్లు పడుతుంటాయి కనుక ముఖ్యమైన మాట ముందే ఉండాలి. ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగుతో మోడల్ తడబడుతుంది. అలాంటి ప్రశ్నను ముందు తెలుగు లిపిలోకి మార్చండి.

ఒక్కో కార్డుకు 384 అంకెల వెక్టర్ వస్తుంది. 3,000 కార్డులకు అయ్యేది సుమారు 4.6 ఎంబీ. దీనికి వెక్టర్ డేటాబేస్ ఎందుకు? నార్మలైజ్ చేసి (పొడవు ఒకటికి సర్ది), పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై ఫైల్‌లో దాచి, ప్రశ్న వెక్టర్‌తో డాట్ ప్రొడక్ట్ (అంకెలను జతలుగా గుణించి కూడితే వచ్చే పోలిక స్కోరు) తీస్తే చాలు. ఈ మోడల్ స్కోర్లు ఎక్కువగా 0.7 నుంచి 1.0 మధ్యే గుమిగూడతాయి. 0.5 దాటినవన్నీ సరైనవే అనుకుంటే అన్నీ వచ్చేస్తాయి. స్కోరును కాదు, వరుసను చూడండి.

సరిహద్దు ఊళ్లలో అసలు ప్రమాదం పన్ను ఫంక్షన్ల దగ్గర. పర్లాకిమిడి షాపు ఆ ఊళ్లోనే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్ర, రాష్ట్ర పన్నులు). అదే సరుకు ఆంధ్రలోని పాతపట్నం షాపుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). రెండు కార్డులకూ తేడా ఒకటి రెండు మాటలే, అందుకని వెక్టర్లు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. జీఎస్టీలో ఒడిశా కోడ్ 21కీ ఆంధ్ర కోడ్ 37కీ తేడా కూడా మోడల్‌కు గట్టిగా ఆనదు. అందుకే, అడిగిన మాటే కార్డులో ఉందా అని చూసి స్కోరిచ్చే బీఎం25 వెతుకులాటను పక్కన నడపాలి. రెండింటి స్కోర్లను నేరుగా కూడొద్దు, కొలతలు వేరు. ప్రతి జాబితాలో ఫంక్షన్ స్థానానికి 60 కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించి, రెండు ఫలితాలను కూడండి. ఒకదాంట్లో 1వది, ఇంకోదాంట్లో 4వది అయితే 1/61 + 1/64.

కోడు మొత్తాన్ని ఒక్క చూపులో సర్దుకోవాలంటే 1982లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త కోహొనెన్ ప్రతిపాదించిన సెల్ఫ్ ఆర్గనైజింగ్ మ్యాప్ (వెక్టర్లను గళ్ల పటంలో సర్దే న్యూరల్ నెట్‌వర్క్) ఇప్పటికీ పనికొస్తుంది. 12×12 గళ్లు పెడితే 3,000 కార్డులకు గడికి సగటున దాదాపు 21 పడతాయి, పోలికున్నవి పక్కపక్క గళ్లలో చేరతాయి. ఒకే గడిలో పడ్డవాటిని నకళ్లని తీసేయకండి, పైన చెప్పిన ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ ఫంక్షన్ల జంట కూడా అక్కడే ఉండొచ్చు. కోడు చదివాకే తీయాలి.

పరీక్షకు, నిజంగా అడిగే 40 ప్రశ్నలు, వాటి సరైన ఫంక్షన్లు రాసిపెట్టుకోండి. మొదటి 5 ఫలితాల్లో ఎన్ని దొరికాయో లెక్కించండి. దొరకనివాటి కార్డులు తెరిస్తే చాలాసార్లు అడిగిన మాట అక్కడ ఉండదు. ఆ మాట చేర్చి ఆ ఒక్క కార్డుకే వెక్టర్ మళ్లీ తీయండి. మోడల్ మారిస్తే మాత్రం అన్నిటికీ మళ్లీ తీయాల్సిందే, రెండు మోడళ్ల వెక్టర్లు కలవవు.