ఊరు మారే ముందు మే నెలలో ఒకసారి వెళ్లి ఉండి చూడండి

వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక చాలామంది వైజాగ్ వెళ్లిపోదాం అంటున్నారు, బీచ్ బాగుంటుంది నిజమే, కానీ డిసెంబర్‌లో చూసొచ్చి ఫిక్స్ అయిపోకండి. మే నెలలో ఓ వారం అద్దెకి ఉండి చూడండి, టెంపరేచర్ విజయవాడ కంటే తక్కువే చూపిస్తుంది గానీ ఆ ఉక్కకి స్నానం చేసి బయటికొచ్చేలోపే మళ్లీ చెమట. బీచ్‌కి మరీ దగ్గరైతే ఉప్పు గాలికి గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు పడతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంట్ లేదు, అదీ గుర్తుపెట్టుకోండి.

ఉక్క పడదు అనుకుంటే ఎత్తున్న ఊళ్లు చూడండి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు, ఎండ ఉంటుంది కానీ పొడి ఎండ, కూలర్ బాగా పనిచేస్తుంది (వైజాగ్‌లో కూలర్ కొంటే డబ్బులు దండగ). మదనపల్లె ఇంకా ఎత్తు, దాదాపు 700, అప్పట్లో టీబీ శానిటోరియం అక్కడ కట్టింది ఆ గాలి కోసమే. నాకైతే అదే ఇష్టం, కాకపోతే నీళ్లు... ఇల్లు చూసేటప్పుడు బోరు ఎన్ని అడుగులు, వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తారా అని ఓనర్ని కాదు, పక్కింటివాళ్లని అడగండి.

విజయవాడలో అయితే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద నీళ్లు మీరు చూసే ఇంటి వీధిలోకి ఎంతవరకు వచ్చాయో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు హాస్పిటల్ ఎంత దూరమో చూడండి, వాతావరణం తర్వాత.