నర్స్ ప్రాక్టీషనర్ పీజీ: చేరే ముందు అడగాల్సినవి, చేరాక చేయాల్సినవి

"అక్కా, నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి ఏ కాలేజీ మంచిది?" అని జూనియర్లు నన్ను అడుగుతుంటారు. నర్స్ ప్రాక్టీషనర్ అంటే పై చదువు చదివి, రోగాన్ని గుర్తించి చికిత్స కూడా నిర్ణయించే నర్సు. "క్లినికల్ పోస్టింగులు వాళ్లే ఇప్పిస్తారా, నువ్వే వెతుక్కోవాలా?" అని నేను తిరిగి అడుగుతాను. నేను చేరేటప్పుడు ఈ సంగతి కనుక్కోలేదు. ప్రిసెప్టర్‌ని, అంటే పక్కనుండి నేర్పే డాక్టర్‌నో సీనియర్ ప్రాక్టీషనర్‌నో, నేనే చూసుకోవాలని ఫీజు కట్టాక తెలిసింది. రెండు నెలలు ఫోన్లతోనే సరిపోయింది, ఒక టర్మ్ పోయింది. ఆ టెన్షన్ మీకు వద్దు. అప్లికేషన్ పెట్టే ముందే ఈ ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

దానికంటే ముందు, ఎలాంటి పేషెంట్లను చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి. నేను ఆరేళ్లు ఐసీయూలో చేశాను కాబట్టి క్రిటికల్ కేర్ తీసుకోమని అందరూ చెప్పారు. కానీ బీపీకి మందులు వాడక స్ట్రోక్‌తో వచ్చినవాళ్లను చూసి చూసి, వాళ్లు ఐసీయూ దాకా రాకముందే చూసే చోట ఉండాలనిపించింది. అందుకే ఫ్యామిలీ ప్రాక్టీస్ ఎంచుకున్నాను. తొందరపడి తీసుకునే నిర్ణయం కాదిది. అమెరికాలో కుటుంబ వైద్యం, అక్యూట్ కేర్ (తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ల వైద్యం), నవజాత శిశువులు, మానసిక ఆరోగ్యం, ఇలా ఏ విభాగంలో చదివితే ఆ విభాగంలోనే సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. తర్వాత మారాలంటే మళ్లీ చదవాలి.

మీరు పనిచేయబోయే దేశం రూల్స్ కూడా చూసుకోండి. ఆస్ట్రేలియాలో డిగ్రీ ఒక్కటే సరిపోదు, ఉన్నత స్థాయి ప్రాక్టీసులో 5,000 గంటల అనుభవం చూపించాలి. అమెరికాలో 2022లో సవరించిన ప్రమాణాల ప్రకారం కోర్సులో కనీసం 750 గంటలు పేషెంట్లను నేరుగా చూడాలి. భారతదేశంలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ చదివేది. మందులు రాసే అధికారం ఎక్కడ ఎంతవరకు ఉందో నర్సింగ్ కౌన్సిల్ పత్రాల్లోనే చదవండి, ఎవరో చెప్పింది నమ్మవద్దు.

చదువులో మూడు సబ్జెక్టులు పునాది: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ (రోగం ఒంట్లో ఏం చేస్తుందో), ఫార్మకాలజీ (మందులు ఎలా పనిచేస్తాయో), ఫిజికల్ అసెస్‌మెంట్. ఫార్మకాలజీని బట్టీ పట్టకండి. నేను డ్యూటీలో ఇచ్చే ప్రతి మందుకీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టాను. ఎందుకు ఇస్తున్నాం, కిడ్నీ దెబ్బతింటే డోసు ఏమవుతుంది, ఏ మందుతో కలవకూడదు, ఎప్పుడు ఆపాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్న మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కలిపితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చు. ఇలాంటివి మన పేషెంటు ముఖంతో కలిపి గుర్తుపెట్టుకుంటే మర్చిపోం.

అన్నిటికంటే కష్టం ఆలోచించే తీరు మార్చుకోవడం. నర్సుగా మనం మార్పును పసిగట్టి డాక్టర్‌కి చెబుతాం. ఇక్కడ "అయితే ఏం చేద్దాం?" అన్న ప్రశ్న మన మీదికే వస్తుంది. ఒక్కో లక్షణానికి ముందుగా ప్రాణాంతకమైనవి రాయండి. ఛాతీ నొప్పి అంటే గుండెపోటు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, బృహద్ధమని చీలడం, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం). ఇవి కాదని తేల్చుకున్నాకే కండరాల నొప్పి, ఎసిడిటీల దగ్గరికి రండి.

నా మొదటి పోస్టింగులో మూడు వారాలుగా పొడి దగ్గు ఉన్న ఒక పెద్దాయన వచ్చారు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఊపిరి శబ్దాలు మామూలుగానే ఉన్నాయి. అయినా నేను యాంటీబయాటిక్ ఇద్దామన్నాను. ప్రిసెప్టర్ నన్ను ఏమీ అనకుండా, "ఆయన వాడుతున్న మందులు పైకి చదువు" అన్నారు. రెండో పేరు ఎనలాప్రిల్, బీపీ మాత్ర. దానికి పొడి దగ్గు వస్తుందని నాకు తెలుసు, ఆ మాత్ర ఎన్నిసార్లు చేత్తో ఇచ్చానో లెక్కలేదు. తెలిసింది అవసరమైన క్షణానికి గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఏ లక్షణం చెప్పినా మందుల జాబితా మొత్తం చదివాకే పేషెంటు మీద చెయ్యి వేస్తాను. మీరూ ఇది మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ప్రిసెప్టర్‌కి కేసు చెప్పేటప్పుడు కథంతా చెప్పకండి. ఎవరు, ఏ బాధ, ఎన్నాళ్లుగా, పరీక్షలో ఏం కనిపించింది, మీ అనుమానం ఏమిటి, ఏం చేద్దామనుకుంటున్నారు. రెండు నిమిషాలు చాలు. చివరి రెండూ తప్పనిసరిగా చెప్పాలి. తప్పయినా ఫరవాలేదు, దిద్దడానికే ఆయన ఉన్నారు. "మీరే చెప్పండి సార్" అని వదిలేస్తే ఆ రోజు గంటలు లాగ్‌బుక్‌లో పడతాయి గానీ మీకు ఏమీ రాదు.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే నింపాలి. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే క్లినికల్స్‌కి వెళ్లడం మాత్రం వద్దు, పేషెంటుకీ మీకూ ప్రమాదం. నేను డ్యూటీలు సగానికి తగ్గించుకున్నాను. జీతం తగ్గింది, ఇంట్లో ముందే మాట్లాడుకున్నాం కాబట్టి నడిచింది.

ఇంకో పుస్తకం కూడా పెట్టుకోండి. పేర్లు రాయకుండా, మీరు చూసిన కేసు ఏమిటి, మీరేం అనుకున్నారు, చివరికి ఏమైంది అని. కొన్ని వారాల తర్వాత ప్రిసెప్టర్‌ని అడిగి ఆ మూడోది పూర్తి చేయండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఆ పెద్దాయనదే: "ఎనలాప్రిల్ ఆపి లోసార్టాన్ (ఇంకో బీపీ మందు) మొదలుపెట్టాం. మూడో వారానికి దగ్గు పోయింది. బీపీ అదుపులోనే ఉంది."