సెయింట్ ఆంటన్‌లో ఫ్యామిలీ హోటల్: సమస్య – పరిష్కారం

ఆస్ట్రియాలోని టిరోల్‌లో, 1304 మీటర్ల ఎత్తున ఉంది సెయింట్ ఆంటన్. ఇలాంటి స్కీయింగ్ ఊళ్లలో చాలా హోటళ్లను ఒక్కో కుటుంబమే నడుపుకుంటుంది. పొద్దున కాఫీ పోసినావిడే సాయంత్రం బిల్లు కూడా రాస్తుంది. పెద్ద హోటల్లో ఫోన్ కొడితే జరిగే పనులు ఇక్కడ ముందే చెబితేనే జరుగుతాయి.

రాత్రి చేరేసరికి తలుపు వేసి ఉంది

రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉండడు. జ్యూరిక్‌లో విమానం దిగి రైలెక్కితే చీకటి పడ్డాకే చేరతాం. ఏ రైలుకు వస్తున్నారో ముందే మెయిల్ చేయండి, తాళం ఎక్కడ పెడతారో చెబుతారు. రాత్రి భోజనం చాలాచోట్ల ఏడు గంటల ప్రాంతంలోనే పెట్టేస్తారు. ఆలస్యమైతే బ్రెడ్డు, చీజు ఒక ప్లేట్లో తీసి ఉంచమని అదే మెయిల్లో అడగండి.

వెజిటేరియన్ అని చెప్పినా సూప్‌లో మాంసం వాసన

మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ముక్క కనబడకపోతే అది మాంసాహారం కాదనుకునే వంటవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. సూప్‌కు ఆధారం గొడ్డుమాంసం ఎముకల రసం. క్నోడెల్ అనే బ్రెడ్డు ఉండల్లో స్పెక్, అంటే పొగబెట్టిన పందిమాంసం, సన్నగా తరిగి వేస్తారు. పైగా హాఫ్ బోర్డ్‌లో, అంటే గదితో పాటు పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి తీసుకునే పద్ధతిలో, మెనూ ముందే ఖాయమైపోతుంది. మీరు టేబుల్ దగ్గర చెప్పేసరికి సూప్ పొయ్యి మీద ఉంటుంది.

బుకింగ్ రోజునే వివరంగా రాయండి: మాంసం, చేప, స్పెక్, మాంసం రసం ఏవీ వద్దని. చేరాక ఇంకోసారి జర్మన్‌లో "ఓనే ఫ్లైష్, ఓనే ఫిష్, ఓనే స్పెక్" (మాంసం, చేప, స్పెక్ లేకుండా) అనండి. గుడ్డు తినేవాళ్లకు దిగులు లేదు. చీజుతో చేసే కేజెష్పెట్స్‌లె అనే నూడుల్స్ లాంటి వంటకం, పాలకూర క్నోడెల్, తీపి కావాలంటే కైజర్‌ష్మార్న్ అనే తుంచిన పాన్‌కేక్ ఉన్నాయి. వాటిలోనూ స్పెక్ చల్లలేదని ఒక మాట అడిగి తెలుసుకోండి. గుడ్డు కూడా తినకపోతే మాత్రం కష్టమే, ఈ మూడింటిలోనూ గుడ్డు పడుతుంది. అలాంటివాళ్లు హోటల్ కన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెడదామని మాత్రం అనుకోవద్దు. ఆవిరికో పొగకో అలారం మోగితే ఇల్లంతా రోడ్డు మీదకు వస్తుంది. ఆవకాయ సీసా టేబుల్ మీద పెట్టుకోవాలంటే ఒక మాట అడిగి పెట్టుకోండి.

గది ఒకసారి కొలిమి, ఒకసారి ఐస్ పెట్టె. ముక్కు, పెదాలు పగులుతున్నాయి

ఉక్కగా ఉందని కిటికీని కొంచెం వాల్చి వదిలేస్తాం. దాని కిందే గదిని వేడిచేసే రేడియేటర్. చలిగాలి దాని నాబ్‌కు తగలగానే గది చల్లబడిందనుకుని అది వేడినీళ్లు పూర్తిగా వదులుతుంది. వేడి బయటికి, చలి లోపలికి. కిటికీ మూసేసి నాబ్ 2 లేదా 3 మీద ఉంచండి. గాలి కావాలంటే నాబ్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, ఐదు పది నిమిషాల్లో మూసేయండి.

పగుళ్లకు కారణం పొడిగాలి. మంచులోని చలిగాలిలో తేమ చాలా తక్కువ, అది గదిలో వేడెక్కితే ఇంకా పొడిబారుతుంది. తడి టవల్ రేడియేటర్ పక్కన కుర్చీ మీద ఆరేసి, పడుకునే ముందు వాజిలైన్ రాసుకోండి.

డబుల్ బెడ్ మీద రెండు పరుపులు, రెండు వేర్వేరు దుప్పట్లు ఉంటే అది పొరపాటు కాదు, అక్కడ అలాగే వేస్తారు.

పొద్దున బూట్లు తడిగా ఉన్నాయి, కాలు దూరడం లేదు

బూట్లు బాల్కనీలోనో కారు డిక్కీలోనో వదిలేసి ఉంటారు. స్కీ బూటు ప్లాస్టిక్ చలికి గట్టిపడి కట్టెలా బిగుసుకుంటుంది, లోపలి చెమట ఆరదు. కింద అంతస్తులో స్కీ రూమ్ ఉంటుంది. బకిల్స్ విప్పి, బూటు నాలుక ముందుకు లాగి, అక్కడి వేడి గొట్టాలకు తగిలించండి. స్కీ బూట్లతో మెట్లెక్కి గదిలోకి వెళ్తే ఇంటావిడ చూపుతోనే చెప్పేస్తుంది! లోపల తిరగడానికి చెప్పులు తెచ్చుకోండి.

బిల్లు అనుకున్నదానికన్నా ఎక్కువ

రెండు చోట్ల చూడండి. ఒకటి, మనిషికి రాత్రికింత అని వేసే స్థానిక పన్ను, చాలాసార్లు గది ధరలో కలవదు. రెండోది, భోజనంలో తాగినవి. హాఫ్ బోర్డ్‌లో పానీయాలు ఉండవు, సీసా నీళ్లకూ డబ్బులే. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, "లైటుంగ్స్‌వాసర్" అని అడగండి. చిన్న హోటళ్లు కొన్ని కార్డు తీసుకోవు, ముందే కనుక్కోండి.

వీసా రాలేదు, రద్దు చేస్తే డబ్బు పోతుందట

ఆస్ట్రియా హోటళ్లలో చాలావరకు ఒకే రకం షరతులు పాటిస్తాయి. మీరు చేరే తేదీకి మూడు నెలల ముందు వరకు రద్దు ఉచితం, నెల ముందు వరకు మొత్తం ధరలో 40 శాతం, వారం ముందు వరకు 70, ఆఖరి వారంలో 90. మీ కన్‌ఫర్మేషన్‌లో వేరేగా రాసి ఉంటే అదే చెల్లుతుంది. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, రుసుము పడే మూడు నెలల గీత దాటకముందే వీసా చేతికొచ్చేలా చూసుకోండి. ఫిబ్రవరి సెలవుల్లో శనివారం నుంచి శనివారం దాకా తప్ప గదులివ్వని ఇళ్లు చాలా ఉంటాయి. మూడు నాలుగు రాత్రులే కావాలంటే జనవరి మధ్యలోనో మార్చి రెండో సగంలోనో అడగండి.