కిటికీ మూసినా ఇంట్లోకి నీళ్లు: ఒకినావా టైఫూన్‌లో నా అనుభవం

2023 ఆగస్టు, జపాన్‌లోని ఒకినావా దీవిలో ఉన్న నాహా నగరం. ఇక్కడ తుఫానుకి పేరు కన్నా నంబరే వాడతారు; అప్పుడు మా మీదికొచ్చిన ఖానూన్ ఆ ఏడాది ఆరోది. విశాఖలో హుద్‌హుద్ చూసినవాణ్ణే, అయినా టెన్షన్ తప్పలేదు.

కిటికీలన్నీ బిగించినా హాల్లో నీళ్లు! స్లైడింగ్ కిటికీ పట్టాలోంచి బుడబుడమంటూ పొంగుతున్నాయి. నీరు బయటికి పోవడానికి పట్టాలో ఉంచిన సన్న రంధ్రాల్లోంచే గాలి దాన్ని లోపలికి ఎగదోస్తోంది. టేపు వేశా, తడికి ఊడొచ్చింది. పక్కింటి పెద్దావిడ చెప్పినట్టు పాత తువ్వాళ్లు చుట్టి పట్టాలో కుక్కా. తడిస్తే పిండడం, మళ్లీ కుక్కడం. రాత్రంతా అదే డ్యూటీ.

పోయిందనుకున్న తుఫాను నాలుగు రోజుల్లో వెనక్కి తిరిగొచ్చింది. ఈసారి ముందే తువ్వాళ్లు కుక్కి, బాల్కనీ తూములో ఆకులు తీసేశా. హాలు తడవలేదు. తర్వాత ఏసీ బయటి యూనిట్‌పై పేరుకున్న ఉప్పు మంచినీళ్లతో కడిగేశా.